కళ్లల్లో కిటికీ

జూన్ 3, మంగళవారం

దుప్పట్లు ఉతికాను. గ్యాస్ బండ మార్చాను. వంటింటి కిటికీకి పెట్టిన అట్ట మెత్తబడింది. వానలు మొదలయ్యేలోపు కొత్తది కోసి పెట్టాలి.

సాయంత్రం మరిది వచ్చాడు. చెప్పులు విప్పకముందే నవ్వు.

"వదినా, అన్నయ్యకి తెలీకుండానే అన్నయ్య గొప్పవాడైపోయాడు. మెయిన్ రోడ్డులో కొత్త రెస్టారెంట్ పెట్టారు చూడు, గోడల నిండా అన్నయ్య ఫొటోలే. ఒక్కో మొహం తలుపంత ఉంది. నేను సూప్ తాగుతుంటే ఒక ముసలాయన నన్నే చూస్తున్నాడు. చెంచా కింద పెట్టేదాకా వదల్లేదు."

ఆయన పేపర్ మడిచారు. "నావేనని నీకెలా తెలుసురా?"

"పోస్టాఫీసు గుమాస్తా వాళ్ల నాన్న ఫొటో ఉంది. ఆయన పోయిన రోజు నువ్వు తీస్తుంటే ఎండ పడకుండా గొడుగు పట్టింది నేనేగా!"

"కింద నా పేరుందా?"

"'తీసినవారు తెలియదు' అని ఉంది. ఎంత అందంగా రాశారంటే, చదివాక నాకే నువ్వెవరో తెలీకుండా పోయింది."

ఆయన నవ్వలేదు. స్టూడియో మూసేసిన ఏడాది నెగటివ్‌ల పెట్టెలన్నీ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. వాటిలోంచి వెండి తీస్తారట. ఆ పాత సామాన్లవాడు వెండి తీయలేదన్నమాట.

మరిది కూర రెండోసారి వడ్డించుకున్నాడు. ఆయన అసలు తినలేదు.

జూన్ 5, గురువారం

జనం లేని వేళ చూసుకుని ఇద్దరం వెళ్లాం.

లోపల చల్లగా ఉంది. కుర్చీలన్నీ ఖాళీ, గోడలన్నీ నిండుగా. ఆయన ఒక్కో ఫొటో ముందు నిలబడి చెప్పుకుంటూ పోయారు. "గుమాస్తా నాన్న. తాళాలాయన తల్లి. మిల్లు మేనేజరు రెండో భార్య." అన్నీ ఒకే పెట్టెలోవి. దాని మీద "తెరిచినవి" అని నా చేత్తోనే రాశాను.

కళ్లు తెరవడం మా ఇంట్లో నా పని. ఆ రోజుల్లో చాలామందికి బతికుండగా తీయించుకున్న ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. మనిషి పోయాక ఆయనకి కబురు వచ్చేది. ఆయన తీసుకొచ్చిన ఫొటోలో మూసిన రెప్పల మీద నేను సన్న కుంచెతో కళ్లు వేసేదాన్ని. ఆయన దాన్ని మళ్లీ ఫొటో తీసేవారు. ఆ రెండో ఫొటోయే ఇంటివాళ్లకి వెళ్లేది. ఇదంతా ఎందుకు రాస్తున్నానో, నాకు తెలియనిదా.

మంచినీళ్లు తెచ్చిన అమ్మాయి నన్ను చూసి ఆగింది. "ఆంటీ, మీరు ఇంతకుముందు ఇక్కడికి వచ్చారు కదా?"

"లేదమ్మా."

"మరి ఎక్కడో చూశానే."

ఈ మాట నాకు కొత్త కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు అడక్కుండానే ఇంటి గొడవలన్నీ చెప్పేస్తారు. ఏడుస్తున్న చంటిపిల్లలు నన్ను చూస్తే ఊరుకుంటారు. మరిది అంటూ ఉంటాడు, "వదినది గోడ గడియారం మొహం, ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది" అని.

చేతులు కడుక్కునే చోట, బేసిన్ పక్కన, బుడంకాయ ఉన్నాడు. పక్కింటి అక్కయ్య కొడుకు. ఆ పిల్లాడికి ఆ పేరు పెట్టింది నేనే. అంత గుండ్రంగా ఉండేవాడు.

"వీడు కూడానా" అన్నారు ఆయన.

వాణ్ని అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు. కన్నే నా అరచేయంత ఉంది. నల్లగుడ్డులో వెలుతురు చుక్క ఉండాల్సిన చోట చుక్క లేదు. కిటికీ ఉంది. నాలుగు గాజు పలకల కిటికీ. పై మూల పలక నల్లగా ఉంది.

మా వంటింటి కిటికీ.

దాని కింది అంచున తల లాంటిదొకటి ఉంది. దాని పక్కన ఇంకొకటి, చిన్నది. దుమ్ము. ప్రింటు వేసేటప్పుడు పడి ఉంటుంది.

జూన్ 6

కూరగాయలకని చెప్పి మళ్లీ వెళ్లాను. అందరి కళ్లల్లోనూ కిటికీ ఉంది. మిగతా అందరి కళ్లల్లోనూ తల ఒక్కటే ఉంది.

బంగాళాదుంపలు తేవడం మర్చిపోయాను.

జూన్ 8, ఆదివారం

గేటు దగ్గర నుంచే "చెల్లాయ్" అని పిలిచింది అక్కయ్య. వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"చూసొచ్చాను" అంది. "జనం చేతులు కడుక్కుని వాడి మీద నీళ్లు విదిలిస్తున్నారే. ఒకావిడైతే పళ్లు కుట్టుకుంటూ, గాజులో తన నీడ కోసం వాడి మొహంలోకి తొంగి చూస్తోంది. తీసేయండి బాబూ అంటే మేనేజరు ఏమన్నాడో తెలుసా? 'మీకేమవుతాడు?' అన్నాడు. నా కొడుకన్నాను. 'రుజువుందా?' అన్నాడు. పుట్టినప్పుడు పడ్డ కుట్లున్నాయి, చూపించనా అన్నాను."

"చూపించావా?"

"వాడే పారిపోయాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ ఆయన తలుచుకుంటే దించేస్తారు కదే. ఫొటో ఆయనది. నాకు ఇంకేం వద్దు, వాణ్ని అక్కణ్నుంచి ఇంటికి తెచ్చెయ్యమను." కొంగు సర్దుకుని అంది, "ఏమాటకామాటే, అంత పెద్దది చేసినా చూపు చెదరలేదు. పోయినవాడి చూపు అలా ఎలా పట్టుకున్నారో మీ ఆయన! రోజూ వాణ్ని చూసేవారు కాబట్టి సరిపోయింది. పొద్దున్నే ఇంట్లో ఉన్న ఫొటో ముందు నిలబడి 'తిన్నావా నాన్నా' అంటాను. తినలేదన్నట్టు చూస్తాడు. బతికున్నప్పుడూ అంతేగా, తిని కూడా తినలేదనేవాడు."

టీ పెట్టాను. చక్కెర రెండుసార్లు వేశాను కాబోలు, ఆవిడ అలాగే తాగింది.

జూన్ 12, గురువారం

లాయరమ్మ ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఆయన ప్రతి మలుపులోనూ ఆగారు.

లాయరమ్మ మా అమ్మాయి వయసుంటుంది. మాట కత్తెరలా ఉంది.

"నెగటివ్‌లు మీరే అమ్మారు కదా?"

"అమ్మాను" అన్నారు ఆయన. తల దించుకుని.

"దానికెందుకంత బాధ? మీరు అమ్మింది ప్లాస్టిక్. హక్కు అమ్మలేదు. కాగితం మీద రాసిస్తే తప్ప కాపీరైట్ చేతులు మారదు. పెట్టె కొన్నవాడు పెట్టెకి యజమాని అవుతాడు, ఫొటోకి కాదు. కస్టమర్లు డబ్బులిచ్చి తీయించుకున్నారు, హక్కు వాళ్లది అంటారేమో అవతలివాళ్లు. మీ రసీదుల మీద ఏం ఉండేది?"

"'నెగటివ్ మీద, ఫొటో మీద సర్వహక్కులు స్టూడియోవి.' అడుగున, చిన్న అక్షరాల్లో. మా నాన్న అచ్చు వేయించాడు."

"మీ నాన్నగారికి దణ్ణం. ఇక మిగిలింది ఒక్కటే. ఈ ఫొటోలు తీసింది మీరేనని చూపించాలి."

"నేను తీశానని నేను చెబుతున్నా కదమ్మా!"

"మీరు చెబితే అది మీ మాట అవుతుంది. ఫొటో చెప్పాలి."

అక్కయ్య నేరుగా ఏమైనా చేయగలదా అని నేను అడిగాను. ఫొటోలో ఉన్నవాళ్ల తరఫున వెళ్లే దారి వేరే ఉందట, ఏళ్లు పడుతుందట. తీసినవాళ్ల హక్కు నిరూపిస్తే మాత్రం కోర్టు వెంటనే దించమంటుందట.

మెట్లు దిగుతుంటే ఆయన అన్నారు, "ఫొటోలు మాట్లాడతాయా ఎక్కడైనా?"

నేను మెట్లు చూసుకుంటూ దిగాను.

జూన్ 20

కొత్త అట్ట కోసి కిటికీకి బిగించాను. ఆ గాజు పలక పగలగొట్టింది బుడంకాయే, బంతితో. ఆ రోజు వాళ్లమ్మకి చెప్పొద్దని ఎన్ని మొక్కులు మొక్కాడో. చెప్పలేదు. రేపు గాజు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అంటూనే ఆయన ఇన్నేళ్లు గడిపేశారు. నేనూ గట్టిగా అడగలేదు.

నేను కళ్లు వేస్తుంటే వాడు వెనక నిలబడి నా భుజం మీద గడ్డం ఆనించేవాడు. "పిన్నీ, ఇదెవరు? పిన్నీ, ఈయన ఇప్పుడు మనల్ని చూస్తున్నాడా?" ఒకచోట నిలిచే పిల్లాడు కాదు, అక్కడ మాత్రం నిలిచేవాడు.

జూలై 2, బుధవారం

కంపెనీవాళ్ల జవాబు వచ్చింది. రెస్టారెంట్లకి, హోటళ్లకి గోడ ఫొటోలు అమ్మే కంపెనీ అది. ఇవి ఎవరైనా తీసి ఉండొచ్చట. ఇళ్లల్లో తీసినవి కాబట్టి స్టూడియో తెర కూడా కనబడదట. నెగటివ్‌లు తమ దగ్గరున్నాయి కాబట్టి, వేరే రుజువు వచ్చేదాకా తామే హక్కుదారులట. మరో పదహారు రెస్టారెంట్లకి ఇవే ఫొటోలు పంపబోతున్నారట.

ఆయన ఆ కాగితం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివారు. "పదహారు చోట్ల నేను తెలియనివాణ్నన్నమాట" అన్నారు.

పదహారు బేసిన్లు, అనుకున్నాను.

జూలై 4

కళ్లు ఎలా వేసేదాన్నో సరిగ్గా గుర్తులేదు. చేయి అలవాటు మీద వేసేసేది.

జూలై 5

కిటికీ గట్టు మీద అద్దం పెట్టుకునేదాన్ని. వెలుతురు ఎలా పడుతుందో చూసుకోవడానికి.

జూలై 9, బుధవారం

తాళాలాయన షాపుకి వెళ్లాను, బీరువా తాళం పట్టేసిందని. ఆయన తల్లి ఫొటో కౌంటర్ వెనకే ఉంటుంది. నేను తాళం ఇస్తుంటే ఆయన తడబడ్డాడు. "ఏంటోనండీ, మీరొచ్చినప్పుడల్లా సరిగ్గా లెక్క చెప్పాలనిపిస్తుంది" అని నవ్వాడు. వెనక ఆవిడ చూస్తోంది. ముందు నేను చూస్తున్నాను. ఆయన ఇద్దరి మధ్యా నిలబడి ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు.

ఇంటికొచ్చి పడగ్గది అద్దం గోడకి తిప్పి పెట్టాను. తుడవాలి, మరకలున్నాయి.

జూలై 11

లాయరమ్మ ఫోన్ చేసింది. ఈ నెలాఖరులోపు రుజువు ఇవ్వకపోతే కేసు నిలబడదట.

నా దగ్గర రుజువుందని నేను చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

జూలై 13, ఆదివారం

అక్కయ్య ఇవాళ కూడా వెళ్లొచ్చింది. ఒక బట్ట తీసుకెళ్లి వాడి మీది నీటి మరకలు తుడిచి వచ్చిందట. "ఇంట్లో ఉన్నవాడికి 'అక్కడికి వెళ్లొస్తా' అని చెప్పి వెళ్లానే. ఇద్దర్నీ పెంచుతున్నట్టుంది" అంది.

జూలై 19, శనివారం

ఆయన మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చారు. నేను కిటికీ ముందు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమోయ్, ఇటు తిరుగు."

తిరిగాను.

"కొంచెం వెలుతురులోకి. ఆఁ, అక్కడే ఉండు." అది ఆయన స్టూడియో గొంతు. చాలా ఏళ్ల తర్వాత విన్నాను. దగ్గరికొచ్చి వంగి నా కంట్లోకి చూశారు. తర్వాత కిటికీ వైపు చూశారు. తర్వాత నా వైపు. గ్లాసు గట్టు మీద పెట్టారు.

"అన్నీ నీవేనా?"

"ఏవి?"

"ఆ కళ్లన్నీ."

చిక్కుళ్లు ఒలుస్తూనే ఉన్నాను. "మీరు తెచ్చేవి మూసిన కళ్లు. తెరిస్తే ఎలా ఉంటాయో నాకెవరు చెప్పారు? ఎదురుగా అద్దంలో ఉన్నవే వేశాను. పురుగులేవో వెతుకుతున్నట్టు చూడకండి అలా."

"బుడంకాయవి కూడా? వాణ్ని రోజూ చూసేదానివిగా!"

వాడు పోయిన రోజు వాడి మోకాలి దెబ్బలు గుర్తొచ్చాయి. ఊడిన పన్ను గుర్తొచ్చింది. కళ్లు మాత్రం ఎంత తలుచుకున్నా రాలేదు. ఫొటో పొద్దుటికల్లా కావాలన్నారు. అద్దంలో చూసుకుని వేసేశాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇదే రుజువు. ఇంతకన్నా ఏం కావాలి? ఈ కిటికీ చూపిస్తే చాలు."

"అక్కయ్యకి తెలిసిపోతుంది."

"తెలియకపోతే వాడు బేసిన్ పక్కనే ఉంటాడు. ఇంకో పదహారు బేసిన్ల పక్కన కూడా."

"మీకు మీ పేరు కావాలి."

"కావాలి" అన్నారు. దాచలేదు. "నలభై ఏళ్లు చేశాను. తెలియనివాడు చేశాడంటే ఊరుకోనా? నా పేరు పడితే నీ పేరు పడ్డట్టు కాదూ?"

నిజమే.

జూలై 20

నిజమే కదా, అనుకున్నాను పొద్దున్న కూడా.

జూలై 22, మంగళవారం

లాయరమ్మ ఒక ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి, మా కిటికీ ఫొటో పక్కన పెట్టి చూసింది. తర్వాత ఆయన్ని అడిగింది, "ఫొటో మీరు తీశారు. ఈ కళ్లు ఎవరు వేశారు?"

"మా ఆవిడ."

నలభై ఏళ్లలో బయటివాళ్లకి ఆయన ఆ మాట చెప్పడం ఇదే మొదటిసారి. తేలిగ్గానే చెప్పారు. ఎవరూ అడగక చెప్పలేదు కాబోలు.

"అయితే అఫిడవిట్ ఆంటీ ఇవ్వాలి. ఇద్దరూ కలిసి చేసిన పని, హక్కు ఇద్దరిదీ."

"నా పేరెందుకమ్మా?" అన్నాను.

"ఎందుకంటే ఆంటీ, ఆ గోడ మీద జనం చూసేది కళ్లే."

సంతకం చేశాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ తన కోడలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. వెంటనే మాట ఆపేసింది.

జూలై 27, ఆదివారం

అక్కయ్యకి ముందే చెప్పాలని రెండిళ్ల మధ్య గోడ దాకా వెళ్లాను. లోపల ఆవిడ గొంతు వినిపించింది. "తిన్నావా నాన్నా?" కాసేపు నిశ్శబ్దం. తర్వాత చిన్నగా నవ్వు.

వెనక్కి వచ్చేశాను. ఆరేసిన బట్టలు తీయాల్సి ఉంది.

ఆగస్టు 6, బుధవారం

కోర్టు పంపిన కమిషనర్ వచ్చాడు. పెద్దాయన, బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చాడు. కంపెనీ మేనేజరు, లాయరమ్మ కూడా వచ్చారు. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు. పాలగిన్నె మూత సరిగ్గా పెట్టలేదని అదే ఆలోచన నాకు.

కిటికీ కొలిచారు. ఫొటోల్లో కిటికీ కొలిచారు. అట్ట ఉన్న మూల, నల్లగా ఉన్న మూల చూసుకున్నారు. నన్ను పాత చోటే, గట్టు మీద అద్దం పెట్టి కూర్చోమన్నారు. కమిషనర్ భూతద్దంతో నా కంట్లోకి చూశాడు. మనిషిని చూసినట్టు కాదు, గది కిటికీలోంచి లోపల ఎవరైనా ఉన్నారా అని చూసినట్టు.

"అయితే సార్" అన్నాడు మేనేజరు, "ఈ ఫొటోల్లో మా కస్టమర్లకి నచ్చిందేదీ ఆయన తీసింది కాదన్నమాట."

ఆయన మొహం వాడిపోయింది. లాయరమ్మ చటుక్కున అంది, "మీరు తీసింది కూడా కాదుగా. అది ఒప్పుకున్నందుకు థ్యాంక్స్. రాసుకోండి సార్."

కమిషనర్ ఒక్కో ఫొటో చూస్తూ రాసుకుంటున్నాడు. "కిటికీ. కింద ఒక తల, అద్దం ముందు కూర్చున్న మనిషిది. కిటికీ, తల. కిటికీ, తల." బుడంకాయ ఫొటో దగ్గర ఆగాడు. "ఇందులో రెండున్నాయే. రెండోది ఎవరమ్మా?"

"దుమ్మండీ."

"దుమ్ముకి చెవులుంటాయా అమ్మా?"

అప్పుడు చూశాను. గుమ్మంలో అక్కయ్య నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. జనాన్ని చూసి వచ్చి ఉంటుంది. ఆవిడ కిటికీని చూసింది. కమిషనర్ చేతిలో కొడుకు కన్నుని చూసింది. అద్దం ముందు కూర్చున్న నన్ను చూసింది.

"అక్కయ్యా" అన్నాను.

వెళ్లిపోయింది. చెప్పు ఒకటి మా గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆగస్టు 7

చెప్పు గోడ మీద పెట్టాను.

ఆగస్టు 8

చెప్పు గోడ మీదే ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

పెరట్లోంచి చూస్తే వాళ్ల హాలు కనబడుతుంది. గోడ మీద మేకు ఉంది. మేకు కింద ఫొటో ఆకారంలో తెల్లటి మరక ఉంది. వాడు లేడు.

పప్పు మాడింది. ఆయన దాన్నే కలుపుకుని తిన్నారు.

ఆగస్టు 17

చెప్పు లేదు. తీసుకుందో, కుక్క లాక్కెళ్లిందో.

ఆగస్టు 29, శుక్రవారం

తీర్పు మనవైపే వచ్చింది. అన్ని ఫొటోలూ దించాలి, పెట్టె తిరిగి ఇవ్వాలి. ఇకమీద ఎక్కడ వేసినా మా అనుమతితో, ఇద్దరి పేర్లతో వేయాలి. ఆయన పేరు, పక్కన నా పేరు. లాయరమ్మ ఫోన్‌లో చదివి వినిపించింది. నా పేరు పూర్తిగా ఇంటిపేరుతో సహా విని చాలా కాలమైంది. ఎవరో తెలియనావిడ పేరులా ఉంది.

"ఆంటీ, ఇకనుంచి ఆ కళ్లు చట్టప్రకారం మీవి" అంది.

మరిది స్వీట్లు తెచ్చాడు. "వదినా, గోడ గడియారాలన్నిటికీ ఇక అద్దె వసూలు చెయ్యి" అన్నాడు. ఆయన పగలబడి నవ్వారు. ఎన్నాళ్లకో. సాయంత్రం ఇద్దరూ రెస్టారెంట్‌కి వెళ్లి, దించుతుంటే దగ్గరుండి చూసి వచ్చారు. బేసిన్ పక్క ఫొటోనే అన్నిటికన్నా ముందు దింపించారట.

అక్కయ్య ఇంటికి వెళ్లి తలుపు తట్టి చెప్పాను. "వాణ్ని దించేశారు అక్కయ్యా." లోపల కుర్చీ కదిలింది. తలుపు తీయలేదు.

సెప్టెంబర్ 3

పెట్టె వచ్చింది. నేను తెరవలేదు. మంచం కిందికి తోశాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

పొద్దున్న గిన్నెలు కడుగుతుంటే గేటు చప్పుడైంది. అక్కయ్య. చిక్కిపోయింది. చేతిలో ఏమీ లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, స్టూలు జరుపుకుని నాకెదురుగా కూర్చుంది.

"కూర్చో చెల్లాయ్. కిటికీ వైపు తిరిగి."

కూర్చున్నాను. తడి చేతులు చీరకి తుడుచుకున్నాను.

"అక్కయ్యా, ఆ రోజు నేను..."

"నువ్వు మాట్లాడకు. నీతో కాదు నాకు పని." రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. "ఆ ఫొటోని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరి కళ్లకో అన్నేళ్లు అన్నం పెట్టానా అని ఏడుపొచ్చింది. నెల రోజులు నీ మొహం చూడకూడదనుకున్నాను. నెల రోజులూ తిన్నావా అని అడగడానికి ఎవరూ లేరు." ఇంకా దగ్గరికి జరిగింది. "కదలకు. రెప్ప వెయ్యకు. అదిగో."

నా కంట్లోకి చూస్తోంది. కమిషనర్ చూసినట్టే. కానీ లోపల ఎవరో కనబడ్డట్టు.

"తిన్నావా నాన్నా?"

కుళాయి కారుతోంది. కట్టేయాలనుకున్నాను.

"తిన్నాను" అన్నాను.

"మొత్తమా?"

"అంచులు వదిలేశాను. డ్రాయర్ వెనక పడేశాను."

అక్కయ్య నవ్వింది. కళ్ల నీళ్లు కారుతుండగా నవ్వింది. "దొంగా! అన్నీ అక్కడే దొరికాయిరా, నువ్వెళ్లిపోయాక. బ్రెడ్డు అంచులు, ఎండిపోయి. ఎవరికీ చెప్పలేదు నేను."

ఆవిడ వెళ్లాక కుళాయి కట్టేశాను. డ్రాయర్ సంగతి వాడే నాకెప్పుడో చెప్పి ఉంటాడు. నా భుజం మీద గడ్డం పెట్టుకుని అన్నీ చెప్పేవాడు. చెప్పే ఉంటాడు.

భుజం ఇవాళ నొప్పిగా ఉంది. బిందె ఎత్తినందుకు.

సెప్టెంబర్ 10

అక్కయ్య వచ్చింది. గేటు ముందే తీసి ఉంచాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

తాళాలాయన వచ్చాడు. కేసు సంగతి ఊరంతా తెలిసినట్టుంది. బీరువా తాళం ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాను. వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు, టోపీ చేత్తో నలుపుతూ.

"అమ్మ పోయేటప్పుడు నా మీద కోపంగా ఉందండీ. ఒక్క నిమిషం కూర్చుంటారా?"

కూర్చున్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

దుప్పట్లు ఉతికాను. టీ పొడి ఈ నెల ముందే అయిపోయింది, వచ్చేవాళ్లు పెరిగారు.

ఆయన మంచి హుషారుగా ఉన్నారు. గోడకి మేకులు కొట్టి, పెట్టెలోంచి కొన్ని తీసి మళ్లీ ప్రింటు వేయిస్తానంటున్నారు, ఇద్దరి పేర్లతో. మధ్యాహ్నం గాజు పలక ఒకటి కొలతకి కోయించుకుని మరీ తెచ్చారు. వంటింట్లో స్టూలెక్కి అట్ట మీద చేయి వేశారు.

"కేసు అయిపోయిందిగా. ఇప్పటికైనా దీన్ని తీసి పారేద్దాం."

"ఉంచండి" అన్నాను.

"ఎందుకు?"

"అది తీసేస్తే ఇల్లు గుర్తుపట్టలేరు."

"ఎవరు?"

"కోర్టువాళ్లు" అన్నాను.